ఎండబెట్టిన తుపాకీ

మొన్న సాయంత్రం టీవీ చూస్తూ బెండకాయలు తరుగుతుంటే, తెర కింద పరిగెత్తే అక్షరాల్లో ఒక వార్త వచ్చింది. ఎన్నికలు దగ్గర పడ్డాయి కాబట్టి లైసెన్సు తుపాకులున్న వాళ్ళందరూ వాటిని పోలీస్ స్టేషన్లో అప్పగించాలట. ఈ రోజుల్లో ఇంకా ఎవరింట్లో ఉంటాయమ్మా తుపాకులు అనుకున్నాను. ఆ వెంటనే మా మావయ్య గుర్తొచ్చాడు. గుర్తు రాగానే గుండె కలుక్కుమంది, కళ్ళు చెమర్చాయి అని రాస్తే చదవడానికి బాగుంటుంది గానీ, అలాంటిదేమీ జరగలేదు. బెండకాయలు తరగడం పూర్తిచేసి, చెయ్యి కడుక్కుని వచ్చి మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాను. నాకు మొదట్నించీ ఏడుపు ఆలస్యంగా వస్తుంది. కొన్నిటికి అసలు రాదు.

ఎన్నికలంటే మా అత్తయ్యకి ఎంత సంబరమో చెప్పలేను. ఓటు కోసం కాదు, ఇంట్లోంచి తుపాకీ పోతుందని. మావయ్య ఆ డబల్ బ్యారెల్‌ని అత్తయ్య పాత చీరలో చుట్టి, రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లకి టీకా వేయించడానికి తీసుకెళ్తున్నట్టు తీసుకెళ్ళేవాడు. అత్తయ్య గుమ్మంలో నిలబడి, "దాన్ని వెళ్ళి రమ్మనకండి, వెళ్ళమనండి చాలు" అనేది. ఎన్నికలయ్యాక అది మళ్ళీ అదే చీరలో, అదే రిక్షాలో తిరిగొచ్చేది. అత్తయ్య ఆ పూట కూరలో ఉప్పు తగ్గించేది. ఈ తగువు నాకు ఊహ తెలిసినప్పట్నించీ ఉంది.

మావయ్య అంటే మా అమ్మకి అన్నయ్య. గౌతమి గట్టు దిగువన కొబ్బరితోట, ఏటి మధ్య లంకలో కొంత భూమి, ఒక పెంకుటిల్లు, ఒక తుపాకీ, ఒక భార్య. ఈ వరస నేను పెట్టింది కాదు, ఆయన చెప్పుకునేదే. పిల్లల్లేరు. నేను అప్పట్లో రాజమండ్రిలో ఒక స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని, సెలవొస్తే బస్సెక్కి వాళ్ళింటికి పోయేదాన్ని. మావయ్య ఒకప్పుడు వేటగాడే. చలికాలంలో ఏటి మీద వాలే పరజల్ని, అంటే అడవి బాతుల్ని, కోతలయ్యాక చేలల్లో తిరిగే ఉల్లంకి పిట్టల్ని కొట్టేవాడు. తర్వాత చట్టం వచ్చి పిట్టల్ని కొట్టకూడదంది. ఆయన కొన్నాళ్ళు ప్రభుత్వం మీద అలిగి, ఆ తర్వాత మట్టి మూకుళ్ళ మీద పడ్డాడు. లైసెన్సు మాత్రం లంకలో చెరకు మీద పడే పందుల పేరు చెప్పుకుని బతికింది.

మూకుళ్ళంటే కుండల మీద బోర్లించేవే. ఊళ్ళో కుమ్మరి చేత అరచేయంత సైజులో, పల్చగా, కాస్త తక్కువ కాల్పుతో చేయించేవాడు. గుండు తగిలితే పొడవ్వాలి, విసిరితే మాత్రం గాల్లో విరక్కూడదు. లంకలో మా భూమి కౌలుకి చేసే రైతు వెదురు కర్ర చివర చీల్చి, అందులో మూకుడు ఇరికించి, "ఆయ్, వదుల్తున్నానండీ!" అని కేకేసి ఏటి మీదకి విసిరేవాడు. అది బొంగరంలా తిరుగుతూ లేచేది. మావయ్య తుపాకీ ఎత్తేవాడు, మూకుడు ఎర్రటి దుమ్మై రాలిపోయేది. అటువైపు మనిషన్నవాడు ఉండడు, నీళ్ళూ ఇసకా తప్ప. ఎక్కడో పట్నాల్లో క్లబ్బుల్లో ఇదే ఆటని యంత్రంతో విసిరి ఆడతారని, దానికి పోటీలున్నాయని మావయ్య చెప్తే అత్తయ్య, "అయితే అక్కడికే పోయి ఆడండి, మూకుళ్ళ కోసం కుమ్మరి వీధి చుట్టూ తిరిగే బాధైనా తప్పుతుంది" అనేది.

ఆ తర్వాత పెద్ద తుఫాను వచ్చింది. మా వైపు వాళ్ళకి ఏ తుఫానో చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి తోటలో సగానికి సగం చెట్లు ఒకే వైపుకి పడుకుని ఉన్నాయి. మావయ్య గట్టు మీద నిలబడి చూసి, లోపలికొచ్చి కాఫీ అడిగాడు. అత్తయ్య పెట్టి ఇచ్చింది. ఏడవడానికి కూడా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియాలి కదా. రాలిన కాయలన్నీ కొట్టించి, ఎండబెట్టి, గానుగకి పంపితే ఇంటినిండా నూనె డబ్బాలు తయారయ్యాయి. తలకి అదే, దీపానికి అదే, తలుపు బందులకి అదే, బావి గిలకకి అదే. ఏడాది పాటు ఆ ఇంట్లో దేన్ని ముట్టుకున్నా చేతికి కొబ్బరినూనె అంటేది. ఆ వేసవిలోనే మావయ్యకి పక్షవాతం వచ్చింది. పెద్దది కాదన్నారు డాక్టరుగారు. మూతి సర్దుకుంది, నడక వచ్చింది, కుడిచెయ్యి కూడా లేచింది. పట్టుకోవడం వచ్చింది, సంతకం పెట్టడం వచ్చింది. తెలియడం మాత్రం రాలేదు. వేడి కాఫీ చేతి మీద ఒలికితే, ఎవరి చేతి మీదో ఒలికినట్టు తీరిగ్గా చూసేవాడు. గిల్లితే నవ్వేవాడు. నేను ఒకసారి పిన్నీసుతో పొడిచి చూశాను, ఆయనే చూడమన్నాడు. రక్తం చుక్క వచ్చాక, "ఓహో, పొడిచేశావా?" అన్నాడు.

కాస్త కుదుటపడగానే మళ్ళీ తుపాకీ తీశాడు. దసరా వెళ్ళింది, కార్తీకం వచ్చింది. ఒక ఆదివారం నూతి దగ్గర ఆయన వీపు రుద్దుతూ అత్తయ్య పెట్టిన కేకకి నేను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చాను. కుడిభుజం మీద, తుపాకీ మడమ ఆనే చోట, నేరేడు పండు నలిపినట్టు ఇంత మేర నల్లగా కమిలిపోయి ఉంది. "ఇదేంటండీ ఇదీ!" అంది అత్తయ్య. మావయ్య మెడ తిప్పి చూసుకుని, "నాకేం తెలీలేదే" అన్నాడు. రక్తం పల్చబడడానికి మందులు వాడుతున్న మనిషికి ఇలాంటి దెబ్బలు మంచివి కావని డాక్టరుగారు గట్టిగానే చెప్పారు. ఆ సాయంత్రం అత్తయ్య తీర్పు చెప్పేసింది.

"ఈ తుపాకీ ఇంక ఈ ఇంట్లో ఉండడానికి వీల్లేదండి. ఇదైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

"ఆలోచించుకోవడానికి టైమివ్వవే" అన్నాడు మావయ్య. నాకు నవ్వొచ్చింది గానీ ఆయన మొహం చూసి మింగేశాను. చెట్లు పడిపోయిన రోజు కూడా ఆ మొహం అలా లేదు. ఇంక ఆయనకి మిగిలింది ఏముంది? తోట సగమైపోయింది, చెయ్యి ఉండీ లేదు. వారానికోసారి లంకలో ఆ మూకుళ్ళు పగలగొట్టడం ఒక్కటే మిగిలింది, అదీ పోతుంది.

అప్పుడు దిగారు ఓడ బావగారు. అత్తయ్యకి పెదనాన్న కొడుకు. ఓడల మీద చాలా ఏళ్ళు పనిచేసి కాకినాడలో స్థిరపడ్డారు కాబట్టి మాకు ఓడ బావగారయ్యారు. ఆయన దేశానికి తిరిగొస్తూ సామాన్లతో పాటు లైసెన్సు మీద ఒక సెమీ ఆటోమేటిక్ తుపాకీ తెచ్చుకున్నారట. కాలుస్తానని కొనడం, కాల్చకపోవడం. ఇప్పుడు అమ్మేద్దామని చూస్తున్నారు. "బావగారూ, ఇది తన్నదండి. పేలినప్పుడు వచ్చే గాలిలో కొంత తనే వాడుకుని, ఆ బలంతో ఖాళీ తూటాని బయటికి విసిరి, కొత్తది ఎక్కించుకుంటుంది. ఇంక మన భుజానికి మిగిలేది ఏముందండీ? చంటిపిల్ల వాలినట్టు ఉంటుంది" అని ఫోన్లో చెప్పారు. అత్తయ్య ఫోను లాక్కుని, "అన్నయ్యా, నువ్వు నా పుట్టింటి వాడివా, నా శత్రువువా?" అని అడిగింది. చివరికి బేరం కుదిరింది. బేరమంటే బావగారితో కాదు, అత్తయ్యతో. ఒక డబ్బా తూటాలు కాల్చాక భుజం మీద మచ్చ లేకపోతే కొత్తది ఉంటుంది. మచ్చ ఉంటే ఏదీ ఉండదు. పాతది ఎలాగూ పోతుంది. మావయ్య దేవుడి పటం ముందు నిలబడి ఒప్పుకున్నాడు.

ధనుర్మాసంలో ఒక సాయంత్రం బావగారు వచ్చారు, తుపాకీ సంచీ భుజాన వేసుకుని. మావయ్య దాన్ని చూసిన తీరు నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. పెళ్ళిచూపుల్లో అత్తగారు కూడా అలా చూడదు. చవకరకం అని బావగారే ఒప్పుకున్నారు. పేరున్న కంపెనీలవైతే మనలాంటి వాళ్ళం దూరం నించి దండం పెట్టుకోవాల్సిందే, ఇది వాటికి తమ్ముడి వరస అన్నారు. "చవకది అంటే ఎక్కడో అక్కడ మిగుల్చుకుని ఉంటాడు బావగారూ. ఎక్కడ మిగుల్చుకున్నాడో కనిపెట్టాలి" అన్నాడు మావయ్య. కనిపెట్టాడు కూడా. మడమకి కర్ర లేదు, నల్లటి ప్లాస్టిక్. "ఇదేంటండీ, బకెట్టు చేసినవాడే చేశాడా?" అన్నాడు. లోపల ఇనుము మీద ఆకురాయి గీతలు వేలికి తగులుతున్నాయని, పైన రంగు పల్చగా ఉందని అన్నాడు. ఆ వేలు ఎడమచేతిది. గొట్టాన్ని దీపం వైపు పెట్టి లోపలికి చూసి, "ఇక్కడ మాత్రం మోసం చెయ్యలేదు, నున్నగా ఉంది" అన్నాడు. తూకం బాగుందన్నాడు. కళ్ళు మూసుకుని భుజానికెత్తి, అప్పుడు కళ్ళు తెరిచి, చూపు గొట్టం కొసకి సరిగ్గా వచ్చిందో లేదో చూసుకున్నాడు. రెండుసార్లు వచ్చింది, మూడోసారి పక్కకి పోయింది.

"అమ్మడూ, ఇలా రా. మడమ భుజం గుంటలో కూర్చుందో లేదో చెయ్యి పెట్టి చూడు."

నేను చెయ్యి పెట్టి చూశాను. కొంచెం బయటికి జరిగి ఉంది, లోపలికి తోశాను. "ఇప్పుడు?" అన్నాడు. "ఇప్పుడు కూర్చుంది మావయ్యా" అన్నాను. ఆయనకి తెలియనిది నేను తెలుసుకుని చెప్పాలి, అదీ నా ఉద్యోగం. చొక్కా కింద భుజం వెచ్చగానే ఉంది. మామూలు భుజంలాగే ఉంది. ఆ సంగతి ఆయనకి చెప్పాలనిపించింది గానీ, ఏమని చెప్తాం?

బావగారు స్నానానికి వెళ్ళారు. మావయ్యకి కొత్త వస్తువు ఇంట్లోకొస్తే నూనె పెట్టకపోతే తోచదు. డబల్ బ్యారెల్‌కి పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టి ఇప్పటిదాకా కొబ్బరినూనే పెట్టాడు, దానికేమీ కాలేదు. మా ఇంట్లో కొబ్బరినూనె పెట్టి బాగుచెయ్యలేని వస్తువు అంటూ లేదని ఆయన నమ్మకం. అరుగు మీద కూర్చుని, డబ్బా పక్కన పెట్టుకుని, కొత్త తుపాకీకి తలంటినంత శ్రద్ధగా ప్రతి సందులోనూ, ప్రతి కంతలోనూ నూనె పోశాడు. లోపల కదిలే ముక్కలన్నిటికీ పోశాడు. పాతదాంట్లో అలా కదిలేవి లేవు, ఇందులో ఇన్ని ఉన్నాయని ముచ్చటపడి ఇంకాస్త పోశాడు. అత్తయ్య తులసికోట దగ్గర దీపం పెడుతూ, "నాకు ఇంత నూనె ఏనాడూ రాయలేదు ఈయన" అంది.

తెల్లారుజామున మంచు పట్టేసింది. నావలో లంకకి దాటాం. మావయ్య, బావగారు, నేను, జడ్జీగారి హోదాలో అత్తయ్య, ఆవిడ చేతిలో కాఫీ ఫ్లాస్కు. కౌలు రైతు మూకుళ్ళ గంపతో ముందే వచ్చి చుట్ట కాల్చుకుంటున్నాడు. ఇసక చల్లగా కాళ్ళకి అంటుకుంటోంది. మావయ్య తూటాలు ఎక్కించుకుని నిలబడ్డాడు. నేను వెళ్ళి మడమ సర్ది వచ్చాను. "ఆయ్, వదుల్తున్నానండీ!" మూకుడు లేచింది, తుపాకీ పేలింది, మూకుడు పొడైంది. "అద్గదీ!" అన్నారు బావగారు. రెండో మూకుడు లేచింది. తుపాకీ పేలలేదు. మూకుడు దాని మానాన అది వెళ్ళి నీళ్ళలో పడింది.

చూస్తే ఖాళీ తూటా బయటికి రాకుండా సగంలో ఇరుక్కుని ఉంది. పక్కనున్న చిన్న పిడి వెనక్కి లాగితే తూటా ఊడి వచ్చింది. మళ్ళీ ఒకటి పేలింది, మళ్ళీ ఇరుక్కుంది. మన దేశం తూటాలకి బలం చాలదన్నారు బావగారు. ఇరవై ఏళ్ళుగా ఇవే తూటాలు కాలుస్తున్నానన్నాడు మావయ్య. ఆ పిడి లాగాల్సింది కుడిచేత్తో. మావయ్య వేళ్ళు దాని మీద పడేవి, ఆనాయో లేదో తెలిసేది కాదు, జారిపోయేవి. మళ్ళీ వేసేవాడు, మళ్ళీ జారేవి. సాయం చెయ్యబోతే బావగారిని కళ్ళతోనే ఆపేశాడు. మేమందరం ఏటి వైపు చూస్తూ నిలబడ్డాం. అలా ఎంతసేపో. చివరికి తుపాకీని బావగారి చేతిలో పెట్టి ఇసకలో కూలబడ్డాడు.

"ఇది పనికిరాదా, నేను పనికిరానా? ఏదో ఒకటి తేల్చి చెప్పండి బావగారూ" అన్నాడు.

అత్తయ్య ఫ్లాస్కు కింద పెట్టి వచ్చింది. తూటాలన్నీ తీయించి, బావగారి చేతిలో ఉన్న తుపాకీ పక్క కంతలోకి వంగి చూసింది. చూపుడువేలు పెట్టి తిప్పి బయటికి తీసింది. వేలి మీద తెల్లగా, వెన్నలా ఉంది. వాసన చూసింది. మావయ్యని చూసింది. అప్పుడు నాకు అర్థమైంది. ధనుర్మాసం చలికి రాత్రికి రాత్రే కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టినట్టు, తుపాకీలోనూ గడ్డకట్టి కూర్చుంది. లోపల జరగాల్సిన ముక్కలు జరగలేక సగంలో ఆగిపోతున్నాయి. కోనసీమ వాళ్ళు తప్ప ప్రపంచంలో ఇంకెవరూ తుపాకీని ఇలా పాడుచెయ్యలేరు. ఇప్పుడు అత్తయ్య నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, ఆవిడ కోరుకున్నదే జరుగుతుంది. తుపాకీ పనికిరాదని తేలిపోయింది, మావయ్య కూలబడ్డాడు, మధ్యాహ్నం బస్సుకి బావగారు దాన్ని పట్టుకుపోతారు. ఆవిడ స్థానంలో నేనుంటే ఊరుకునేదాన్నే. ఆవిడ వేలు చెంగుకి తుడుచుకుంది.

"పేరుకుపోయిందండి, నూనె" అంది. "తుపాకీకేం కాలేదు, మీకూ ఏం కాలేదు. ఇంటికి పదండి, ఎండలో పెడదాం."

ఆ ఉదయం మా అరుగు మీద తలకి రాసుకునే నూనె సీసా, దాని పక్కన ఒడియాల చేట, దాని పక్కన విప్పదీసిన తుపాకీ, మూడూ వరసగా ఎండలో కూర్చున్నాయి. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి, "ఏంటండీ, తుపాకీ ఒడియాలా?" అని అడిగి మరీ వెళ్ళారు. బావగారు తలుపు చాటుకి వెళ్ళి నవ్వుకున్నారు. మావయ్య పాత పంచె చింపి పట్టుకుని, ఎండకి కరిగి కారుతున్న నూనె తుడుస్తూ కూర్చున్నాడు. అత్తయ్య మధ్య మధ్యలో వచ్చి ముక్కల్ని రెండోవైపుకి తిప్పి వెళ్ళేది. అప్పడాలు తిప్పే అలవాటు. బావగారు తన సంచీలోంచి ఏదో పల్చటి నూనె తీసి రెండే రెండు చుక్కలు వేశారు. "ఇంతేనా?" అన్నాడు మావయ్య. "ఇంతేనండి" అన్నారాయన.

పొద్దెక్కాక మళ్ళీ లంకకి వెళ్ళాం. ఈసారి తుపాకీ ఎక్కడా ఆగలేదు. ఖాళీ తూటాలు కుడివైపు ఎగిరి ఇసకలో పడుతున్నాయి, మావయ్య వంగక్కర్లేదు, పాతదాన్లా తుపాకీని మధ్యకి విరిచి తెరవక్కర్లేదు, వేళ్ళతో ఏదీ తీయక్కర్లేదు. ఒక మూకుడు, వెంటనే ఇంకో మూకుడు. ఎన్ని పగిలాయో వేళ్ళ మీద లెక్కపెట్టాను, ఇప్పుడు గుర్తులేదు, సగానికి పైనే. డబ్బా ఖాళీ అయ్యాక ఏటి మీదుగా పరజల గుంపొకటి వచ్చింది. మావయ్య ఖాళీ తుపాకీ ఎత్తి, వాటి వెంట మెల్లగా తిప్పుతూ, నోటితో "ఠప్" అన్నాడు. "వేటకీ పనికొస్తుందండీ. చెయ్యి నొప్పెట్టకుండా రోజంతా మొయ్యొచ్చు" అన్నాడు బావగారితో. మాటలో మెప్పు ఉంది, గొంతులో ఏమీ లేదు. అలసిపోయాడనుకున్నాం.

ఇంటికొచ్చాక అత్తయ్య చొక్కా విప్పించి, కళ్ళజోడు పెట్టుకుని, వెలుతుర్లో నిలబెట్టి చూసింది. నొక్కి చూసింది. మామిడిపండు కొనేటప్పుడు కూడా అంత చూడదు. గులాబీరంగు మరక కూడా లేదు. "ఏం లేదు" అంది, ఓడిపోయిన గొంతుతో. "ఉంచుకోండి. మాటంటే మాటే." బావగారి మొహం వెలిగిపోయింది. మావయ్య చొక్కా తొడుక్కుని, బొత్తాలు ఎడమచేత్తో ఒక్కొక్కటే పెట్టుకుని, "వద్దు బావగారూ. ఆ ప్లాస్టిక్ నాకు నచ్చలేదు" అన్నాడు.

బావగారు బాగానే నొచ్చుకున్నారు. పైకి అనలేదు, భోజనానికి ఆగకుండా మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళాక ముగ్గురం భోజనాలకి కూర్చున్నాం. అత్తయ్యకి కోపం ఆగలేదు.

"నేను ఒప్పుకున్నాక కూడా ఎందుకు వద్దన్నారండీ? నూనె సంగతి చెప్పకుండా ఊరుకుంటే సరిపోయేది నాకు. పొద్దున్నించీ ఎండలో దాన్ని అటూ ఇటూ తిప్పింది ఎవరికోసం?"

మావయ్య అన్నం కలుపుతూనే, "అది పేలితే ఏమీ తెలీలేదే" అన్నాడు. "చప్పుడు వినపడింది, మూకుడు పగలడం కనపడింది, అంతే. పక్కన ఇంకెవరో కాల్చినట్టుంది. పాతది తన్నితే లోపల ఎక్కడో, ఎముక దగ్గర, ఒక్క క్షణం తెలిసేది. చెయ్యి మొత్తమ్మీద నాకు తెలిసేది అదొక్కటే."

"కమిలిపోయిన రోజున తెలీలేదన్నారుగా?"

"తెలిసిందంటే ఆ రోజే స్టేషన్‌కి పంపించేదానివిగా."

అత్తయ్య మజ్జిగ పోసింది, ఆయనకి పోసి, నాకు పోసి, తనకి పోసుకుంది. నేను కూడా తింటూనే ఉన్నాను. ఆ క్షణంలో ఎవరైనా ఏడ్చి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. ముగ్గురం చేతులు కడుక్కుని లేచాం. పాత తుపాకీని ఉంచమని మావయ్య అడగలేదు, ఉంచుతానని అత్తయ్య అనలేదు. మందులు వాడుతున్న ఒంటి మీద అలాంటి దెబ్బలు పడనివ్వలేదావిడ, ఆ విషయంలో నేనూ ఆవిడ వైపే. ఆ వారంలోనే డబల్ బ్యారెల్ పాత చీర చుట్టుకుని స్టేషన్‌కని రిక్షా ఎక్కింది, మళ్ళీ తిరిగి రాలేదు. ఈసారి అత్తయ్య గుమ్మంలోకి రాలేదు.

మర్నాడు పొద్దున్న ఒక విచిత్రం చూశాను. మావయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అత్తయ్య కాఫీ గ్లాసు తెచ్చి ఎడమచేతికి అందించి, పిడికిలి బిగించి, ఆయన కుడిభుజం మీద ఒక్కటిచ్చింది. రోకలి పట్టి పచ్చళ్ళు దంచిన చెయ్యి అది, కమిలేంత కాకపోయినా చప్పుడు నాకు గుమ్మంలోకి వినపడింది. "తెలిసిందా?" అంది. మావయ్య కాఫీ ఒలక్కుండా పట్టుకుని ఆలోచించాడు. "లేదు" అన్నాడు. ఇంకోటిచ్చింది. "ఆఁ, కొంచెం" అన్నాడు. అత్తయ్య లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నేను ఎప్పుడు వెళ్ళినా అదే తంతు. కాఫీ, దెబ్బ, ప్రశ్న. ఒక్కోసారి తెలిసిందనేవాడు, ఒక్కోసారి లేదనేవాడు. నిజం చెప్పేవాడో, ఆవిడ చెయ్యి నొప్పెడుతుందని అబద్ధం చెప్పేవాడో నాకు తెలియదు. కొత్తగా చూసిన చుట్టాలు ఈవిడ మొగుణ్ణి కొడుతోందేంటని నోళ్ళు నొక్కుకునేవారు. మావయ్య మాత్రం, "తుపాకీ ఇంట్లోంచి పోలేదండీ, పేరు మార్చుకుంది" అనేవాడు.

కొన్నేళ్ళకి, రెండోసారి పక్షవాతం వచ్చినప్పుడు, ఆయన లేవలేదు. నేను రాజమండ్రి నించి వెళ్ళేసరికి వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. జనం నిండిపోయి ఉన్నారు. అత్తయ్య ఏడవడం లేదని ఎవరో నా చెవిలో చెప్పి, ఎలాగైనా ఏడిపించమన్నారు. నేనే ఏడవడం లేదు, ఆవిణ్ణేం ఏడిపిస్తాను? ఆవిడ పక్కన కూర్చున్నాను. అలా కూర్చుని కూర్చుని, ఆవిడ ముందుకి వంగి, కప్పిన బట్ట కొంచెం తొలగించి, పిడికిలి బిగించి, ఆయన కుడిభుజం మీద ఒక్కటిచ్చింది. గట్టిగా. అందరూ గొల్లుమన్నారు. ఆడవాళ్ళిద్దరు ఆవిడ చేతులు పట్టుకుని వెనక్కి లాగారు. పాపం, దుఃఖం పట్టలేకపోతోంది, మతి చలించింది అన్నారు. అత్తయ్య నా వైపు తిరిగింది.

"తెలీలేదే అమ్మడూ" అంది.

ఇది జరిగి ఇరవై ఏళ్ళు దాటింది, అత్తయ్య కూడా వెళ్ళిపోయింది. కాలం గడిచేకొద్దీ బాధ తగ్గుతుందని అందరూ చెప్తారు. తగ్గిందో, ఆ చోట నాకు తెలియడం మానేసిందో, ఇన్నేళ్ళ తర్వాత కూడా తేల్చుకోలేకపోతున్నాను.